పాత చిన్న కారుకు మైలేజీ తగ్గిందా? చక్రాల నుంచి ఇంజను దాకా వెతికే పద్ధతి

పదేళ్లు దాటిన చిన్న కారుకు మైలేజీ పడిపోయిందంటే చాలామంది ముందు బోనెట్ ఎత్తుతారు. ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టరు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ అంటూ వరసగా మార్చేస్తారు. ఈ వరస నాకు నచ్చదు. ఖర్చు లేకుండా తేలిపోయే కారణాలు చక్రాల దగ్గరే కొన్ని ఉంటాయి. అవి తేల్చుకున్నాకే ఇంజను జోలికి పోవాలి.

నిజంగా తగ్గిందా?

డాష్‌బోర్డు మీది సగటు అంకె, ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో చూసి కంప్యూటర్ వేసే అంచనా. ఇంజెక్టరు కారుతుంటే ఆ పెట్రోలు ఆ లెక్కలోకే రాదు. అందుకని ట్యాంకు నుంచి ట్యాంకుకు కొలవండి. పంపు నాజిల్ తనంతట తాను ఆగేవరకు నింపి, ట్రిప్ మీటరు సున్నా చేసి, కనీసం 300 కి.మీ. తిరిగాక అదే పంపు దగ్గర మళ్లీ అలాగే నింపాలి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. నాజిల్ ఆగాక ఇంకాస్త పోయించుకోవద్దు. పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచే బొగ్గు డబ్బాలోకి అది చేరితే కొత్త తంటా మొదలవుతుంది.

అంకె తక్కువే వచ్చినా కంగారు పడనక్కర్లేదు. ఈమధ్య టైర్లు మార్చారా? కంపెనీ సైజు కంటే పెద్ద టైరు ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరు మాత్రం పాత లెక్కే వేస్తుంది. టైరు వ్యాసం 3 శాతం పెరిగితే మీటరులో దూరం దాదాపు 3 శాతం తగ్గి కనిపిస్తుంది. పెట్రోలులో ఇథనాల్ పెరిగిందేమో చూసుకోండి. లీటరు ఇథనాల్‌లో ఉన్న శక్తి, లీటరు పెట్రోలులో ఉన్నదానిలో సుమారు మూడింట రెండు వంతులే. 10 శాతం కలిస్తే మైలేజీ 3 శాతం దాకా, 20 శాతం కలిస్తే 6-7 శాతం తగ్గడం సహజం. దానికి ఏ మెకానిక్కూ చేయగలిగింది లేదు. రోజూ రెండు మూడు కిలోమీటర్లు పోయి ఆపేసే ప్రయాణాలే ఎక్కువైతే ఇంజను వేడెక్కకముందే ఆగిపోతుంది. చల్లని ఇంజనుకు పెట్రోలు ఎక్కువే కావాలి. ఇవన్నీ తీసేశాక కూడా పాత అంకెకు 10 శాతం మించి తేడా మిగిలితే వెతకడం మొదలుపెట్టండి.

కారు బరువుగా సాగుతుంటే

చదునుగా, ఖాళీగా ఉన్న దారిలో 40 కి.మీ. వేగం దగ్గర గేరు న్యూట్రల్ చేసి వదలండి. ఇంజను ఆపకూడదు. ఆపితే బ్రేకూ స్టీరింగూ బిగుసుకుంటాయి. కారు హాయిగా సాగిపోవాలి. ఎవరో వెనక్కి పట్టుకున్నట్టు త్వరగా మందగిస్తే లోపం చక్రాల దగ్గరే ఉంది.

ముందు టైర్లలో గాలి. కారు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాకే చూడాలి. సరైన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు పక్కన అచ్చయిన అంకె గరిష్ఠ పరిమితి, అది చూసి గాలి కొట్టించకండి. అయితే గాలి మీద మరీ ఆశలు పెట్టుకోవద్దు. నాలుగు టైర్లలోనూ 5 పీఎస్‌ఐ తగ్గినా మైలేజీలో పోయేది ఒకటి రెండు శాతమే. లీటరుకు మూడు నాలుగు కిలోమీటర్లు పడిపోయిందంటే కారణం ఇంకెక్కడో ఉంది.

పాత కార్లలో ఆ కారణం చాలాసార్లు పట్టేసిన బ్రేకు. ఐదారు కిలోమీటర్లు బ్రేకు వీలైనంత తక్కువ వాడుతూ వెళ్లి, గేర్లు దించుకుంటూ నెమ్మదిగా ఆపండి. దిగి, ఒక్కో చక్రం దగ్గర అరచేతిని రిమ్ముకు తగలనీయకుండా బెత్తెడు దూరంలో పెట్టి చూడండి. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగ కొడుతుంటే దొరికినట్టే. మిగతా చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, ఆ చక్రాన్ని జాకీతో లేపి, గేరూ హ్యాండ్‌బ్రేకూ వదిలి చేత్తో తిప్పండి. సన్నని రాపిడి చప్పుడు మామూలే. ఒక చుట్టు కూడా తిరగకుండా ఆగిపోతే బ్రేకు పట్టేసింది. జాకీ మీదున్న కారు కిందికి మాత్రం దూరవద్దు.

ముందు చక్రాల డిస్కు బ్రేకు అయితే క్యాలిపర్ (డిస్కును ప్యాడ్లతో నొక్కి పట్టే భాగం) జారే పిన్నులను చూడాలి. వాటి రబ్బరు తొడుగు చిరిగితే నీళ్లు చేరి, గ్రీజు ఎండి, పిన్ను ఇరుక్కుంటుంది. విప్పి తుడిచి, బ్రేకులకే వాడే సిలికాన్ గ్రీజు రాసి, కొత్త తొడుగు వేస్తే సరిపోతుంది. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ మొదటికి వస్తుంది. పిన్నులు బాగున్నా ప్యాడ్‌ను నొక్కే పిస్టన్ వెనక్కి పోకపోతే బ్లీడ్ నిపుల్‌ను (క్యాలిపర్ మీద బ్రేకు ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను) కాస్త వదులు చేయండి. వెంటనే చక్రం తిరిగితే ఒత్తిడి లోపలే చిక్కుకుంది, ఎక్కువగా రబ్బరు హోసు లోపల వాచి దారి మూసేసి ఉంటుంది. హోసు మార్చి, బ్రేకుల్లో గాలి తీయించాలి. నిపుల్ వదులు చేసినా తిరగకపోతే పిస్టన్ తుప్పు పట్టింది, క్యాలిపర్ విప్పాల్సిందే. వెనక డ్రమ్ము బ్రేకుల్లో తరచు కనిపించేది హ్యాండ్‌బ్రేకు కేబులు. తొడుగు లోపల తుప్పు పట్టి, లివరు దించినా కేబులు పూర్తిగా వెనక్కి రాదు. కేబులు మార్చడమే దారి. హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టడం లేదని ఎవరైనా దాన్ని అతిగా బిగించి పెట్టినా ఫలితం ఇదే.

టైరు అంచును చేత్తో నిమిరితే ఒక దిశలో నున్నగా, ఎదురు దిశలో రంపంలా తగులుతుంటే అలైన్‌మెంట్ చేయించండి.

ఇంజను పరుగెడుతుంది, కారు పరుగెత్తదు

పై గేరులో 50 కి.మీ. వేగంతో పోతూ యాక్సిలరేటరు ఒక్కసారిగా నొక్కండి. ఇంజను శబ్దం ముందు పెరిగి, వేగం తీరిగ్గా పెరిగితే క్లచ్ జారుతోంది. ముందు కేబులు సర్దుబాటు చూడండి. పెడలుకు బొత్తిగా ఖాళీ లేకుండా బిగించి ఉంటే ప్లేటు పూర్తిగా అతుక్కోదు. సర్దినా జారితే ప్లేటు అరిగింది.

ఉష్ణోగ్రత ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే

వేడెక్కే ఇంజనును చూసి అందరూ భయపడతారు. వేడెక్కని ఇంజనును మాత్రం పట్టించుకోరు, మైలేజీ తినేసేది అదే. మామూలు ఇంజనులో కూలెంట్ 80 డిగ్రీలు దాటాకే థర్మోస్టాట్ తెరుచుకుని రేడియేటర్‌కు దారి ఇస్తుంది. అది తెరిచిన స్థితిలోనే ఇరుక్కుపోతే, బయటి దారిలో గాలి తగిలేకొద్దీ ఇంజను చల్లబడుతూనే ఉంటుంది. ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. వేడెక్కుతోందని ఎప్పుడో థర్మోస్టాట్ పీకేసి, దాని మాటే మరిచిపోయిన కార్లు కూడా ఉన్నాయి. అది మరమ్మతు కాదు, వాయిదా.

పొద్దున చల్లని ఇంజను స్టార్ట్ చేసి, ఫ్యానుకు తగలకుండా రేడియేటర్ పై గొట్టం మీద చెయ్యి పెట్టండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ బాగుంది. మొదటి నిమిషం నుంచే నెమ్మదిగా గోరువెచ్చబడుతుంటే అది మూసుకోవడం లేదు, లేదా లోపల అసలు లేనే లేదు. ఆ కారుకు చెప్పిన ఉష్ణోగ్రతదే వేయించండి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి.

ముల్లు సరిగానే ఉన్నా కంప్యూటర్‌కు కబురు చెప్పే కూలెంట్ సెన్సార్ తప్పు చెబుతుండవచ్చు. రాత్రంతా ఆగిన కారుకు స్కానర్ (కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే పరికరం) తగిలించి, ఇంజను స్టార్ట్ చేయకుండా చూడండి. కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత దాదాపు ఒకటిగా ఉండాలి. పది డిగ్రీలకు మించి తేడా ఉంటే రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది.

పెట్రోలు వాసన, సైలెన్సర్‌లో నల్లమసి

ముందు కారుతోందేమో చూడండి. ట్యాంకు నుంచి వచ్చే పాత రబ్బరు గొట్టాలు బీటలిస్తాయి. ఇది మైలేజీ కంటే ముందు మంటల సమస్య, కాబట్టి బాగయ్యే వరకు కారు తీయొద్దు. కారడం లేకపోతే, ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్ ఇంజను దగ్గరే ఉన్న మోడళ్లలో దాని నుంచి మానిఫోల్డుకు పోయే సన్నని వాక్యూమ్ గొట్టాన్ని, ఇంజను చల్లగా, ఆగి ఉన్నప్పుడు ఊడదీసి చూడండి. లోపల పొడిగా ఉండాలి. పెట్రోలు తడి కనిపిస్తే రెగ్యులేటర్ డయాఫ్రమ్ చిరిగి, పెట్రోలు నేరుగా ఇంజనులోకి పోతోంది.

రెండూ కాకపోతే స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. ఆక్సిజన్ సెన్సార్ మాట విని కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే అంకె అది. అది మైనస్ 10 కంటే కిందికి పోతే పెట్రోలు అవసరానికి మించి వస్తోందని, కంప్యూటర్ తగ్గించే ప్రయత్నంలో ఉందని అర్థం. కారే ఇంజెక్టరు, తెరుచుకుని ఉండిపోయిన పర్జ్ వాల్వు (బొగ్గు డబ్బాలోని ఆవిరిని ఇంజనులోకి వదిలేది) ఇక్కడ అనుమానితులు. ప్లస్ 10 దాటితే పెట్రోలు కలుపుతోందని అర్థం. ఇందులో ఒక మెలిక ఉంది. గాలి నిజంగా ఎక్కువై కలిపితే మిశ్రమం సరిపోతుంది, మైలేజీ అంతగా పోదు. ఆక్సిజన్ సెన్సార్ మోసపోయి కలిపిస్తేనే నష్టం. సెన్సార్‌కు ముందు ఎగ్జాస్ట్ జాయింటు లీకైతే బయటి గాలి లోపలికి చేరి, లేని ఆక్సిజన్‌ను ఉన్నట్టు చూపిస్తుంది. అందుకే సెన్సార్ కొనేముందు జాయింటు చుట్టూ మసి మరకలు వెతకండి. ప్లగ్గు మిస్ కొట్టినా ఇదే జరుగుతుంది, కాలని ఆక్సిజన్ సెన్సార్‌ను తాకుతుంది.

ప్లగ్గుల ముఖం చూస్తే సంగతి తెలుస్తుంది. లేత గోధుమ రంగు మంచిది, పొడి నల్లమసి అంటే పెట్రోలు ఎక్కువ, నూనె తడి అంటే ఇంజను లోపలి అరుగుదల.

ఎయిర్ ఫిల్టరు విషయానికొస్తే, ఇంజెక్షన్ కార్లలో అది మూసుకుపోతే పికప్ పోతుంది కానీ మైలేజీ పెద్దగా తగ్గదు, కంప్యూటర్ గాలికి తగ్గట్టే పెట్రోలు పోస్తుంది. కార్బురేటర్ కార్లలో మాత్రం తగ్గుతుంది. ఆ కార్లలో చోక్ పూర్తిగా తెరుచుకుంటోందా, కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ సరిగా ఉందా అన్నవి కూడా చూడాలి.

ఇవేవీ కాకపోతే

కంప్రెషన్, అంటే సిలిండరులో పిస్టన్ గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి, కొలిపించండి. సిలిండర్ల మధ్య 10-15 శాతం మించి తేడా ఉండకూడదు. తగ్గిన సిలిండరులో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొలిస్తే అంకె పెరిగిందా, పిస్టన్ రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో. వాల్వు క్లియరెన్సు చేత్తో సర్దే రకం ఇంజనైతే హెడ్ విప్పేముందు అది సరిచేయించి మళ్లీ కొలవండి. ఖాళీ లేకుండా బిగుసుకున్న వాల్వు పూర్తిగా మూసుకోదు, చాలాసార్లు పని అక్కడితోనే అయిపోతుంది.