విజిటర్ వీసా గడువు దాటాక పెళ్లి: కడప కాగితాలతో గ్రీన్‌కార్డు ఫైలు

బి-2 (విజిటర్) వీసా మీద అమెరికా వెళ్లి, అక్కడ ఉండనిచ్చిన గడువు దాటాక అక్కడి సిటిజన్‌ను పెళ్లాడితే దారి మూసుకుపోదు. అధికారి తనిఖీ చేసి లోపలికి పంపారా అన్నదే అసలు లెక్క. అందుకే ఐ-94 (అమెరికాలోకి ప్రవేశించిన రికార్డు) ప్రింటు తీసిపెట్టుకోండి. జీవిత భాగస్వామికి గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే ఈ వెసులుబాటు లేదు.

ఐ-130 (భాగస్వామి వేసే పిటిషన్), ఐ-485 (మీ గ్రీన్‌కార్డు దరఖాస్తు) కలిపి వేయొచ్చు. ఐ-693 (వైద్య పరీక్ష రిపోర్టు) కవరు కూడా అప్పుడే పెట్టాలి. 2024 డిసెంబరు నుంచి తర్వాత ఇస్తామంటే ఫైలు వెనక్కి రావచ్చు. ఐ-864లో (మీ పోషణకు హామీపత్రం) స్పాన్సర్, అంటే మీ భాగస్వామి, ఆదాయం పేదరిక పరిమితికి 125 శాతం ఉండాలి, తక్కువైతే జాయింట్ స్పాన్సర్ (హామీ ఇచ్చే మరొకరు) కావాలి.

మనవాళ్ల ఫైలు ఆగేది బర్త్ సర్టిఫికెట్ దగ్గరే. కడప కార్పొరేషన్ రికార్డులో పుట్టుక లేకుంటే నాన్-అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, టెన్త్ మార్కుల లిస్టు, అమ్మానాన్నల అఫిడవిట్ జతచేయాలి. టెన్త్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. రెండూ ఒకరివేనని ఆ అఫిడవిట్‌లోనే రాయించండి. తెలుగు కాగితానికి ఇంగ్లీషు అనువాదం, దాని కింద అనువాదకుడి ధ్రువీకరణ, సంతకం తప్పనిసరి.

ఊళ్లో అవ్వకు బాగలేదని ఫోనొస్తుంది. అడ్వాన్స్ పెరోల్ (వెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) లేకుండా విమానం ఎక్కితే ఐ-485 వదులుకున్నట్టే. పైగా ఓవర్‌స్టే (గడువు దాటి ఉన్న కాలం) 180 రోజులు దాటి ఉంటే 3 ఏళ్లు, ఏడాది నిండితే 10 ఏళ్లు రానివ్వరు.

కార్డు మంజూరయ్యే నాటికి పెళ్లై 2 ఏళ్లు కాకుంటే అది 2 ఏళ్ల కార్డే. ఆ కార్డు గడువుకు ముందు 90 రోజుల్లో ఐ-751 (కార్డు మీది షరతు తీయించే అర్జీ) వేయాలి.