ఏ నుంచి జెడ్ దాకా బట్టీ పట్టకండి
ఇంగ్లీష్ పదాల అర్థాలను అక్షర క్రమంలో బట్టీ పట్టకండి. ఆ వరస వెతుక్కోవడానికి బాగుంటుంది, గుర్తుపెట్టుకోవడానికి కాదు. నేనలాగే మొదలుపెట్టి సీ దాటకుండానే వదిలేశాను. ఒకే అక్షరం కింద వచ్చే పదాలు కొన్ని ఒకేలా కనిపించి తికమక పెడతాయి. అడ్వర్స్ (adverse) అంటే ప్రతికూలమైన, అవర్స్ (averse) అంటే ఇష్టం లేని. రెండూ ఒకే రోజు చదివితే పరీక్షలో టెన్షనే.

దానికి బదులు మూలం పట్టుకోండి. లాటిన్‌లో స్పెకెరె అంటే చూడటం. ఇన్‌స్పెక్ట్ అంటే లోపలికి చూడటం, అంటే తనిఖీ చేయడం. స్పెక్టేటర్ ప్రేక్షకుడు. రెట్రోస్పెక్ట్ వెనక్కి తిరిగి చూసుకోవడం. కళ్లజోడు స్పెక్టకిల్స్ అయిందీ అందుకే! డిక్షనరీలో ఇవన్నీ ఒకే చోట ఉండవు, మీ నోట్‌బుక్‌లో మాత్రం ఒకే పేజీలో రాసుకోండి. పక్కనే సొంత వాక్యం ఒకటి, ఎంత చిన్నదైనా సరే.