కట్టెల ఇన్సర్ట్‌కు బయటి గాలి గొట్టం: పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

ఇన్సర్ట్ అంటే ఫైర్‌ప్లేస్ లోపల అమర్చే కట్టెల పొయ్యి; అది మండడానికి కావలసిన గాలిని ఈ గొట్టం ఇంటి బయటి నుంచి తెస్తుంది. ముందు ఇన్సర్ట్ మాన్యువల్ తెరవండి. బయటి గాలి కోసం తయారీదారు ఇచ్చే కిట్ ఏది, గొట్టం వ్యాసం ఎంత, పొడవు ఎంత మించకూడదు అన్నవి అందులోనే ఉంటాయి. చాలా మోడళ్లకు 4 అంగుళాలు సరిపోతుంది. సొంతంగా సన్నం చేయకండి; గాలి చాలక కట్టె సరిగ్గా మండదు, చిమ్నీలో క్రియోసోట్ (పొగ నుంచి ఏర్పడే, అంటుకునే తారు లాంటి మసి) పేరుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యమైనది గాలి తీసుకునే మూతి ఎక్కడ పెడతారన్నది. మంట గది (కట్టె మండే పెట్టె) కంటే ఎత్తులో అస్సలు వద్దు. ఎత్తులో ఉంటే ఆ గొట్టమే చిన్న చిమ్నీలా మారి, వేడి పొగను పైకి లాగేస్తుంది. గాలివాటం తిరిగినప్పుడు కిందున్న గొట్టంలోనూ పొగ ఎదురు రావచ్చు. అందుకే పూర్తిగా లోహపు గొట్టమే వాడాలి, చెక్కకు దూరంగా నడపాలి. ప్లాస్టిక్ గొట్టం వద్దే వద్దు.

గ్యారేజీ నుంచీ అటక నుంచీ గాలి తీసుకోకండి. మూతికి 6 మిల్లీమీటర్ల కన్నాలున్న జాలీ బిగించండి. మరీ సన్నని జాలీ ఆకులతో, దుమ్ముతో మూసుకుపోతుంది.

ఫైర్‌ప్లేస్ కింద బూడిద పడే పాత గుంత దారిలో గొట్టం వేస్తుంటే నిప్పు కణిక ఒక్కటీ మిగలకుండా శుభ్రం చేయండి. చలి ప్రాంతాల్లో చల్లబడిన గొట్టంపై గాలిలోని తేమ నీటి చుక్కలుగా పేరుకుంటుంది కాబట్టి మండని ఇన్సులేషన్ చుట్టండి.

గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. చివరగా తలుపులు మూసి, వంటగది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, చిన్న మంటతో పరీక్షించండి. పొగ గదిలోకి వస్తే ఆ రోజుకు పెద్ద మంట వేయకండి.