ఒకే పేజీలో రెండు ఫారాలు: నొక్కింది ఒకటి, కదిలింది మరొకటి

ఒక వెబ్ పేజీలో పైన లాగిన్ ఫారం, కింద వార్తాలేఖ చందా ఫారం ఉన్నాయి. రెండూ సర్వర్‌లో ఒకే చిరునామాకు పోస్ట్ అవుతాయి, అంటే నింపిన వివరాలు అక్కడికే వెళ్తాయి. కింది బటన్ నొక్కితే "పాస్‌వర్డ్ ఇవ్వలేదు" అని సర్వర్ గద్దిస్తుంది. కోడ్ మీద చెయ్యి వేసే ముందు బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, అసలు ఏ ఫీల్డులు వెళ్తున్నాయో చూడండి. సగం జబ్బు అక్కడే బయటపడుతుంది.

చందా ఫీల్డులే వెళ్తున్నా సర్వర్ పొరబడుతోంది

బ్రౌజర్ ఒకసారికి ఒక ఫారాన్నే పంపుతుంది, కానీ అది ఏ ఫారమో తనంతట తాను చెప్పదు. "పోస్ట్ వచ్చిందా?" అని మాత్రమే చూసే కోడ్ రెండింటినీ ఒకే గాటన కడుతుంది. చాలామంది బటన్‌కు నేమ్ (సర్వర్‌కు వెళ్లే పేరు) పెట్టి, దాన్నిబట్టి ఫారాన్ని గుర్తుపడతారు. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. జావాస్క్రిప్ట్‌లో సబ్మిట్ మెథడ్‌ను పిలిస్తే ఏ బటన్ నేమూ వెళ్లదు. రెండోసారి నొక్కకుండా సబ్మిట్ ఈవెంట్‌లోనే బటన్‌ను డిజేబుల్ చేసినా అంతే, దాని నేమ్ మాయమవుతుంది. ఈ రెండోది కనిపెట్టడానికి నాకు ఒక సాయంత్రం పూర్తిగా పట్టింది.

ప్రతి ఫారంలోనూ ఒకే నేమ్‌తో ఒక హిడెన్ ఫీల్డ్ (తెర మీద కనిపించని ఫీల్డ్) పెట్టి, విలువ ఒకదానికి "లాగిన్" అని, రెండోదానికి "చందా" అని ఇవ్వండి. సర్వర్ ముందుగా దాన్నే చదవాలి. వీలైతే ఫారాలు వెళ్లే చిరునామాలనే (యాక్షన్) వేరు చేయండి. అప్పుడు గుర్తుపట్టే పనే ఉండదు.

కొన్ని ఫీల్డులు అసలు వెళ్లడం లేదు

ఫారం లోపల ఫారం ఉందేమో చూడండి. హెచ్‌టీఎంఎల్ దాన్ని ఒప్పుకోదు. బ్రౌజర్ లోపలి ప్రారంభ ట్యాగ్‌ను వదిలేస్తుంది, లోపలి ముగింపు ట్యాగ్‌తో బయటి ఫారాన్ని మూసేస్తుంది. ఆ తర్వాతి ఫీల్డులు ఏ ఫారానికీ చెందకుండా పోతాయి. రెండింటినీ విడదీయండి. డిజైన్ కోసం ఫీల్డ్ బయటే ఉండక తప్పదంటే, దానికి ఫారం అనే యాట్రిబ్యూట్ ఇచ్చి, అందులో ఆ ఫారం ఐడీ (పేజీలో దాని గుర్తింపు పేరు) రాస్తే చాలు.

"పాస్‌వర్డ్ చూపించు" నొక్కినా ఫారం వెళ్లిపోతోంది

టైప్ రాయని బటన్ సబ్మిట్ బటనే. టైప్‌ను బటన్ అని మార్చండి.

లేబుల్ నొక్కితే కర్సర్ పై ఫారంలోకి దూకుతోంది

రెండు ఈమెయిల్ ఫీల్డులకూ ఒకే ఐడీ ఉంది. జాంగోలో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్) అయితే ప్రతి ఫారానికీ వేరే ప్రిఫిక్స్ (పేర్ల ముందు చేరే మాట) ఇస్తే ఐడీలూ నేమ్‌లూ రెండూ వేరవుతాయి. పోస్ట్ డేటాను మాత్రం వచ్చిన ఫారానికే అప్పగించండి. రెండోదానికి కూడా ఇస్తే, ఎవరూ ముట్టుకోని ఫారం మీద ఎర్ర అక్షరాలు వరుస కడతాయి.