షేర్డ్ ల్యాబ్‌లో టెస్టులు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా

విడిగా నడిపితే పాసై, ల్యాబ్ రద్దీగా ఉన్నప్పుడే ఫెయిలయ్యే ఇంటిగ్రేషన్ టెస్టులకు (భాగాలన్నీ కలిపి చూసే టెస్టులకు) రీట్రై పెట్టకండి. లోపం దాక్కుంటుందే తప్ప పోదు. మా ల్యాబ్‌లో లాగ్‌ల టైమ్‌స్టాంపులు పక్కపక్కన పెట్టి చూస్తే, రెండు పైప్‌లైన్లు (టెస్టులను ఆటోమేటిక్‌గా నడిపే జాబ్‌ల వరసలు) ఒకే హార్డ్‌వేర్ బోర్డును ఒకేసారి వాడుతున్నాయని తేలింది.

బోర్డు తగిలించిన మెషీన్ మీదే ఫ్లాక్‌తో (flock: ఫైల్ మీద ఒకసారికి ఒకరికే తాళం ఇచ్చే లినక్స్ కమాండ్) తాళం వేశాను, తాళం కోసం వెయిటింగ్ గరిష్ఠంగా 600 సెకన్లు. లాక్ ఫైల్‌ను రన్నర్ల (జాబ్‌లను నడిపే మెషీన్ల) లోకల్ డిస్కుల్లో పెడితే లాభం లేదు: ఒకదాని తాళం ఇంకోదానికి కనబడదు. జాబ్ మధ్యలో చచ్చిపోయినా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) తాళాన్ని వదిలించేస్తుంది. ఫ్లాక్‌ను ఎంచుకోవడానికి నాకు అసలు కారణం ఇదే.

ఒక చిక్కుంది. టెస్ట్ బ్యాక్‌గ్రౌండ్‌లో వదిలిన సీరియల్ లాగర్‌కు (బోర్డు పంపే సందేశాలను రాసుకునే ప్రోగ్రామ్‌కు) లాక్ ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కు కెర్నల్ ఇచ్చే నంబర్) కూడా సంక్రమిస్తుంది. టెస్ట్ ముగిసినా లాగర్ బతికున్నంతసేపు తాళం పడే ఉంటుంది. లాగర్‌ను మొదలుపెట్టేటప్పుడే ఆ డిస్క్రిప్టర్‌ను మూసేయాలి. డిస్క్రిప్టర్ టెస్టుకు అందకుండా మూసే క్లోజ్ (--close) ఆప్షన్‌ను ఫ్లాక్‌కు ఇవ్వొచ్చు గానీ, అప్పుడు ఫ్లాక్ ప్రాసెస్‌ను ఎవరైనా చంపితే టెస్ట్ తాళం లేకుండానే నడుస్తుంది.

డేటాబేస్‌కు తాళం అక్కర్లేదు, స్కీమా (డేటాబేస్‌లో టేబుళ్ల విడి గుంపు) పేరులో జాబ్ ఐడీ చేర్చితే సరిపోతుంది. సర్వర్లకు పోర్ట్ 0 ఇస్తే ఖాళీ పోర్టును ఆపరేటింగ్ సిస్టమే ఎంచుతుంది. బోర్డు రీసెట్ మాత్రం టెస్టుకు ముందే చేయాలి; సిగ్‌కిల్ (ప్రాసెస్‌ను బలవంతంగా చంపే సిగ్నల్) పడితే చివర్లో పెట్టిన క్లీనప్ నడవనే నడవదు.