ఓటుకు బెదిరింపులొస్తే: ముందు చేయాల్సింది, ఆ రోజు చేయాల్సింది

"నువ్వు ఎవరికేసిందీ మాకు తెలిసిపోతాది." కడప జిల్లా పల్లెల్లో మనుషుల్ని ఎక్కువగా కట్టిపడేసే మాట ఇదే. అందులో సగమే నిజం. లెక్కింపయ్యాక ఫారం 20 అనే ఫలితాల పత్రంలో బూత్‌ల వారీ ఓట్లు బయటికొస్తాయి కాబట్టి ఊరి మొగ్గు తెలుస్తుంది. మీ ఒక్కరి ఓటు తెలియదు. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ యంత్రం స్లిప్పు 7 సెకన్లు అద్దం వెనక కనబడి పెట్టెలో పడుతుంది, ఎవరి చేతికీ రాదు. ఏజెంటు కంపార్ట్‌మెంటు వైపు తొంగిచూస్తే బటన్ నొక్కకుండా ఆగి, ప్రిసైడింగ్ అధికారిని కేకేయండి.

ఫిర్యాదు పోలింగుకు ముందే పడాలి. భయమున్న కాలనీలు, వీధుల జాబితాను బీఎల్వోలు (బూత్ స్థాయి అధికారులు), కొన్ని బూత్‌లను కలిపి చూసే సెక్టార్ అధికారులు ముందుగానే తయారుచేస్తారు. మీ వీధి అందులోకి ఎక్కితే బందోబస్తు పెరిగే అవకాశం ఉంటుంది. "మా ఊళ్లో భయంగా ఉంది" అని రాసిన కాగితంతో పని జరగదు. ఎవరు, ఏ తేదీన, ఏ వేళ, ఎక్కడ, ఎవరి ఎదుట, ఏ మాటన్నారు అన్నది రాయాలి. పేర్లుంటేనే తహసీల్దార్ దగ్గర బైండోవర్ (గొడవ చేయమని వాళ్లచేత పూచీకత్తు రాయించడం) కుదురుతుంది. రెండో ప్రతిమీద తేదీతో ముద్ర వేయించుకోండి.

భారతీయ న్యాయ సంహిత 171వ సెక్షన్ ప్రకారం మిమ్మల్నే కాదు, మీవాళ్లను బెదిరించినా నేరమే. గుడిలో ప్రమాణం చేయించి "తప్పితే దేవుడి కోపం తగుల్తాది" అనడమూ అందులోకే వస్తుంది. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చిక్కల్లా ఒకటి: ఈ సెక్షన్ ఒక్కటే ఉంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. కొట్టడం, ఇంట్లోకి జొరబడటం జరిగుంటే అదీ విడిగా రాయించండి.

ఎన్నికల ఉల్లంఘనలపై ఫిర్యాదుకు కేంద్ర ఎన్నికల సంఘం పెట్టిన సీవిజిల్ యాప్‌లో గ్యాలరీ ఫొటోలు ఎక్కవు, యాప్‌లోనే తీయాలి. ఫొటో గానీ, 2 నిమిషాల వీడియో గానీ తీసి 5 నిమిషాల్లోపు పంపాలి. పేరు లేకుండానూ పంపొచ్చు, కానీ తర్వాత ఏమైందో మీకు తెలియదు. అధికారులు దాన్ని తేల్చాల్సిన గడువు 100 నిమిషాలు. ఎదురుగా గుంపు ఉంటే ఫోను పైకెత్తొద్దు. పక్కకెళ్లి 112కి చేయండి.

పోలింగు రోజు ఓటరు స్లిప్పులు లాక్కోవడం పాత ఎత్తు. స్లిప్పు పోతే ఓటు పోదు. జాబితాలో పేరుండి, ఓటరు కార్డు గానీ ఆధార్ గానీ ఉంటే చాలు. మీ పేరుతో ఎవరో వేసేసుంటే వెనక్కి రావద్దు, టెండర్ ఓటు (అలాంటివాళ్లకు విడిగా ఇచ్చే బ్యాలెట్ కాగితం) అడగండి. అది మామూలు లెక్కింపులో కలవదు గానీ, టెండర్ ఓట్ల జాబితా అయిన ఫారం 17బీలో మీ సంతకంతో దొంగ ఓటుకు రుజువుగా నిలుస్తుంది.

పంచాయతీ, జెడ్పీటీసీ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం జరుపుతుంది. వాటికి సీవిజిల్‌ను నమ్ముకోక కలెక్టరుకు, రిటర్నింగ్ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. 2025 ఆగస్టు 12న పులివెందుల జెడ్పీటీసీ ఉపఎన్నిక జరిగితే, మర్నాడే రెండు కేంద్రాల్లో రీపోలింగ్ పెట్టారు. వ్యవధి అంతే, కాబట్టి మీ కాగితం పోలింగు ముగిసిన సాయంత్రానికే అందాలి.