వైట్ స్పేస్ రేడియోకి ఛానెల్ దొరకట్లేదా? టవర్ ఎక్కే ముందు ఎత్తు అంకె చూడండి

"అన్నా, రేడియో మార్చాను, యాంటెనా మార్చాను, కేబుల్ కూడా మార్చాను. ఛానెళ్లు సున్నా." ఇలాంటి ఫోన్లు నాకు తరచూ వస్తుంటాయి. నేనడిగేది ఒకటే. "లాగ్ చూశావా?" అంటే రేడియో తన పనులన్నీ రాసుకునే చిట్టా. అవతల నుంచి మాట ఉండదు.

అమెరికా పల్లెల్లో టీవీ స్టేషన్లు వాడని ఛానెళ్ల (వీటినే వైట్ స్పేస్ అంటారు) మీద ఇంటర్నెట్ ఇచ్చే బేస్ స్టేషన్ల సంగతి ఇది. వైఫై రేడియోలా ఇది తన ఇష్టానికి ఛానెల్ ఎంచుకోలేదు. తానెక్కడుందో, యాంటెనా ఎంత ఎత్తులో ఉందో అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆమోదించిన డేటాబేస్‌కి చెప్పుకుని, ఏ ఛానెల్లో ఎంత పవర్‌తో మాట్లాడొచ్చో అడగాలి. గాలిలో టీవీ సిగ్నల్ ఉందో లేదో రేడియోయే పసిగట్టి తీరాలన్న షరతును 2010లో తీసేశారు. అప్పటినుంచి పెత్తనమంతా డేటాబేస్‌దే. అందుకే ఛానెల్ రాకపోతే నేను రేడియోని అనుమానించను. మనం నింపిన వివరాల్ని అనుమానిస్తాను.

డేటాబేస్ నుంచి జవాబే లేదు, లేదా ఎర్రర్ వచ్చింది

ముందు బేస్ రేడియో బయటి ఇంటర్నెట్‌ని చేరుతోందా చూడండి. గడియారం సరిగ్గా ఉందా చూడండి. తేదీ తప్పుంటే కనెక్షన్‌కి కావాల్సిన భద్రతా సర్టిఫికెట్ చెల్లదు, కనెక్షన్ మొదట్లోనే తెగిపోతుంది. "నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రి దానంతటదే ఆగిపోయింది" అంటే ఎక్కువగా ఇదే కారణం. డేటాబేస్‌తో మాట కుదరకపోతే గడువు దాటాక రేడియో నోరు మూసుకోవాల్సిందే, నియమం అది. అది పాడైపోలేదు, చెప్పిన మాట వింటోంది.

జవాబుగా ఎర్రర్ కోడ్ వస్తే మీ అదృష్టం. మైనస్ 302 అంటే రిజిస్ట్రేషన్ లేదు, రేడియో మార్చి కొత్త సీరియల్ నంబర్ ఎక్కించడం మర్చిపోయారన్నమాట. మైనస్ 104 అంటే మీరు చెప్పిన చోటు ఆ డేటాబేస్ పరిధిలో లేదు. ఒకప్పుడు అక్షాంశ రేఖాంశాలు చేత్తో కొట్టే రోజుల్లో ఇది మహా ఎక్కువ. అమెరికా నడుమనున్న కాన్సాస్ రాష్ట్రం రేఖాంశం మైనస్ 97 దగ్గర. ఆ మైనస్ మర్చిపోతే టవర్ వెళ్లి చైనాలోని చింగ్‌హాయ్‌లో తేలుతుంది. డేటాబేస్‌లో తప్పుడు చిరునామాలు పేరుకుపోయాయని టీవీ ప్రసారకుల సంఘం 2015లో ఎఫ్‌సీసీకి ఫిర్యాదు చేసింది. 2019లో ఎఫ్‌సీసీ చేత్తో కొట్టే పద్ధతి ఆపేసి, రేడియోలోనే జీపీఎస్ లాంటి ఏర్పాటు ఉండాలంది. జీపీఎస్‌కి ఆకాశం కనపడేలా పెట్టండి, ఆ గొడవ వదులుతుంది.

జవాబు వచ్చింది, ఎర్రర్ లేదు, ఛానెళ్లు మాత్రం లేవు

నన్ను బాగా ఏడిపించింది ఇదే. చోటు జీపీఎస్ చూసుకుంటుంది. యాంటెనా ఎత్తు మాత్రం నేను చూసిన పరికరాలన్నిటిలో మనిషే టైపు చెయ్యాలి.

కాన్సాస్ కొండల ప్రాంతం ఫ్లింట్ హిల్స్‌లో ఒక దిబ్బ మీద టవర్. బిగించినవాళ్లు ఇచ్చిన కాగితం మీద పెన్సిల్‌తో "యాంటెనా 85" అని ఉంది. పక్కన ఇంకేమీ లేదు. ఎత్తు గడిలో 85 కొట్టాను. పక్క కౌంటీలో ఇలాంటి రేడియోకే ఆరు ఛానెళ్లు వస్తుంటే, ఇక్కడ ఒక్కటీ రాలేదు. రెండు రోజులు కేబుళ్లు కొలిచాను, కంపెనీకి రేడియో వెనక్కి పంపబోయాను. మూడో రోజు టవర్ కింద కూర్చుని టిఫిన్ డబ్బా తెరుస్తూ పైకి చూస్తే, ఆ టవర్ మొత్తం కలిపినా 85 మీటర్లు లేదు! కాగితం మీద ఉన్నది అడుగులు. డేటాబేస్ అడిగేది మీటర్లు. 85 అడుగులంటే దాదాపు 26 మీటర్లు.

59 మీటర్ల తేడాకే ఛానెళ్లన్నీ ఎందుకు పోయాయి? డేటాబేస్‌కి కావాల్సింది నేల నుంచి ఎత్తొక్కటే కాదు. యాంటెనా చుట్టూ ఎనిమిది దిక్కుల్లో 3.2 కిలోమీటర్ల నుంచి 16.1 కిలోమీటర్ల దాకా నేల ఎత్తుల సగటు తీసి, దానికంటే యాంటెనా ఎంత పైన ఉందో లెక్కేస్తుంది. మా దిబ్బ ఆ సగటు కంటే 68 మీటర్లు ఎత్తు. దానికి 26 కలిపితే 94. నేను కొట్టిన 85 కలిపితే 153. టీవీ స్టేషన్ ప్రసార పరిధికి ఎంత దూరంలో ఉండాలన్నది కరెంటు బిల్లులా స్లాబుల మీద నడుస్తుంది, ఎత్తు పెరిగేకొద్దీ దూరమూ పెరుగుతుంది. 75 నుంచి 100 మీటర్లు ఒక స్లాబు, 100 నుంచి 150 ఇంకోటి, 150 దాటితే మరోటి. ఒక్క అంకెతో రెండు స్లాబులు పైకెక్కాను. దూరం చాలని స్టేషన్ల ఛానెళ్లన్నీ జాబితాలోంచి రాలిపోయాయి. డేటాబేస్ దృష్టిలో తప్పేమీ జరగలేదు, అందుకే ఎర్రర్ కూడా ఇవ్వలేదు.

కాబట్టి టేపు పట్టుకుని కొలవండి, లేదా టవర్ డ్రాయింగ్ తీయండి. అంకె పక్కన మీటర్లా అడుగులా రాయని కాగితాన్ని నమ్మకండి. ఎత్తు గడి పక్కన ఇంకో గడి ఉంటుంది, నేల నుంచా సముద్రమట్టం నుంచా అని. సముద్రమట్టం నుంచి కొలిచిన అంకెని నేల నుంచి అని చెప్పినా ఇదే కథ. కాన్సాస్‌లో నేలే సముద్రమట్టానికి వందల మీటర్ల పైన ఉంటుంది కాబట్టి ఛానెళ్ల మీద ఆశ వదులుకోవడమే.

తిరగబడిన తప్పు ఇంకా ప్రమాదం. 26 మీటర్లని అడుగులనుకుని మీటర్లలోకి మార్చి 8 కొట్టారనుకోండి. ఛానెళ్లు బోలెడొస్తాయి, అందరూ సంబరపడతారు. ఎవరో ముసలాయన టీవీలో వార్తలు గళ్లు గళ్లుగా కనిపించి ఫిర్యాదు చేసేదాకా బయటపడదు. పక్క టవర్ కంటే మీకు మరీ ఎక్కువ ఛానెళ్లు వస్తున్నా ఈ గడి చూడాల్సిందే.

అంకె సరైనదే, అయినా ఛానెళ్లు తక్కువా? అయితే యాంటెనా కిందికి దించండి. వైఫై అలవాటున్నవాళ్లకి ఇది మింగుడుపడదు. 2020లో ఎఫ్‌సీసీ టీవీ రద్దీ తక్కువున్న చోట్ల చుట్టుపక్కల సగటు నేల కంటే యాంటెనా ఉండగల ఎత్తు పరిమితిని 250 నుంచి 500 మీటర్లకీ, పవర్‌ని 16 వాట్లకీ పెంచింది కదా, ఇంకేం భయం అంటారు. పరిమితి పెరిగింది గానీ స్లాబులు పోలేదు. పది మీటర్లు దించి కింది స్లాబులో పడితే పోయిన ఛానెల్ తిరిగి రావచ్చు. గుట్ట నెత్తి మీద కంటే వాలు మీద టవర్ నయమైన చోట్లూ చూశాను.

ఉన్న ఛానెల్ శనివారం మాయమై ఆదివారం వస్తుంది

దగ్గర్లో స్టేడియం ఉందా? లైసెన్సున్న వైర్‌లెస్ మైకులకి డేటాబేస్‌లో చోటు బుక్ చేసుకునే హక్కుంది. వాటికి కిలోమీటరు లోపు మీ టవర్ ఆ ఛానెల్ వాడకూడదు. ఒకే ఛానెల్ కట్టేసి పెట్టకుండా రెండు మూడు ప్రత్యామ్నాయాలు సెట్ చేసి వదిలేయండి.

మిగతావి

పాత కాన్ఫిగరేషన్‌లో 38 లేదా ఆపై ఛానెల్ ఉంటే తీసేయండి, 38 నుంచి 51 దాకా మొబైల్ కంపెనీలకి వేలంలో పోయాయి. 37 ఖగోళ పరిశోధనకీ ఆసుపత్రి పరికరాలకీ కేటాయించింది, అడగొద్దు. కెనడా, మెక్సికో సరిహద్దు దగ్గరైతే లెక్కలు వేరే. పెద్ద నగరాల చుట్టూ 14 నుంచి 20 మధ్య కొన్ని పోలీసు వాకీటాకీల్లాంటి వాటికి పోతాయి. పిడుగు పడి రేడియో కాలిపోయిందంటారా, నా చేతికొచ్చిన కేసుల్లో అది ఒక్కసారే. ఆ రేడియో దగ్గరికెళ్తే వాసనే చెప్పేసింది.